వైకింగ్ సీరియల్లో చరిత్ర పాలెంత? ఒక్కో సీన్‌ని పరీక్షించే పద్ధతి

వైకింగులంటే 8వ శతాబ్దం చివరి నుంచి 11వ శతాబ్దం దాకా స్కాండినేవియా (డెన్మార్క్, నార్వే, స్వీడన్) నుంచి ఓడల్లో వచ్చి దాడులూ వర్తకమూ చేసినవాళ్లు. వాళ్ల మీద తీసిన సీరియల్ సీజన్ మొత్తాన్ని పట్టుకుని "ఇదంతా నిజమా, కల్పనా" అని అడిగితే ఏ జవాబూ తేలదు. ఒక్క ఎపిసోడ్ తీసుకోండి. మొదటిసారి ఎక్కడా ఆపకుండా చూసేయండి, కథ మీద ఆత్రం తీరిపోవాలి. రెండోసారి మూడే సీన్లు ఎంచుకోండి. ఒకటి దాడి, యుద్ధం, మరణం లాంటి సంఘటన. ఒకటి ఓడలు గానీ విందు గానీ ఆయుధాలు గానీ బాగా కనిపించేది. ఒకటి బలి, పెళ్లి, తీర్పు లాంటి ఆచారానికి చెందినది.

నోటుపుస్తకంలో పేజీకి నాలుగు గడులు గీయండి. తెరమీద ఏం కనిపించింది? ఆ సీన్ ఏ ఏడాది జరుగుతోంది? దానికి దొరికే ఆధారాల్లో అన్నిటికంటే పాతది ఏది? సీరియల్ వాళ్లు మార్చి ఉంటే ఆ మార్పువల్ల అర్థం ఎంత మారింది? చాలామంది మూడో గడి దగ్గరే ఆగిపోతారు. అప్పుడు మిగిలేది తప్పుల జాబితా ఒక్కటే. ఏ తప్పు మనల్ని నిజంగా పక్కదారి పట్టించిందో తెలియదు. నాలుగో గడి నింపడం కోసమే మిగతా మూడూ.

ముందు ఏడాది

సీన్‌లో తెలిసిన స్థలమో రాజు పేరో పట్టుకుని ఏడాది రాసుకోండి. తర్వాత పాత్రల వయసు లెక్కపెట్టండి. అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇదే, ఎక్కువ బయటపెట్టేదీ ఇదే.

"వైకింగ్స్" (2013–2020) సీరియల్‌నే చూడండి. ఇంగ్లండ్ ఈశాన్య తీరాన ఉన్న లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి 793లో జరిగింది. దక్షిణ ఇంగ్లండ్‌లోని వెస్సెక్స్‌ని ఎక్బర్ట్ ఏలింది 802 నుంచి 839 దాకా. పారిస్ మీదికి పెద్ద దండు వచ్చింది రెండుసార్లు, 845లో ఒకసారి, 885–86లో ఇంకోసారి. సీరియల్లో ఆ రెంటినీ కలిపి అల్లారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజు ఎల్లా చనిపోయింది 867లో. రోలో అనే వైకింగ్ నాయకుడికి ఫ్రాంకుల (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు) రాజు సెయిన్ నది దిగువన భూమి ఇచ్చింది 911లో. సీరియల్లో రోలో, కథానాయకుడు రాగ్నర్ అన్నదమ్ములు, ఇద్దరూ లిండిస్‌ఫార్న్ దాడిలో ఉన్నారు. 793లో రోలోకి పాతికేళ్లు అనుకున్నా, 911 నాటికి 143 ఏళ్లు రావాలి. అంటే నాలుగైదు తరాల చరిత్రని ఒక్క ఇంట్లోకి కుదించారు.

"వైకింగ్స్: వల్హల్లా" (2022–2024) కూడా ఇంతే. కథ 1002 నవంబర్ 13న ఇంగ్లండ్‌లో డేనుల (డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్ల) మీద జరిగిన ఊచకోతతో మొదలవుతుంది. అందులో వయసొచ్చిన యోధుడిగా కనిపించే హరాల్డ్ సిగుర్డ్‌సన్ అసలు పుట్టిందే 1015 ప్రాంతంలో. "ది లాస్ట్ కింగ్‌డమ్" (2015–2022) ఈ విషయంలో చాలా మెరుగు. 866లో యార్క్ పతనం, 871లో ఆల్‌ఫ్రెడ్ రాజు కావడం, 878లో ఎడింగ్టన్ యుద్ధం వరుస తప్పకుండా వస్తాయి. కాకపోతే కథానాయకుడు ఉత్రెడ్ కల్పిత పాత్ర. చరిత్రలో పేరున్న బాంబరో ఉత్రెడ్ 11వ శతాబ్దం తొలినాళ్లవాడు.

ఇక్కడ కాలు జారే చోటు ఒకటుంది. ఇంగ్లండ్ చరిత్రకి ముఖ్య ఆధారమైన సంవత్సర వృత్తాంతం, ఆంగ్లో-సాక్సన్ క్రానికల్, ఒకే పుస్తకం కాదు, వేర్వేరు మఠాల్లో రాసుకున్న ప్రతుల సమూహం. 9వ శతాబ్దపు మొదటి భాగంలో దాని తేదీలు రెండు మూడేళ్లు వెనక్కి జరిగి ఉన్నాయి: ఎల్లెండన్ యుద్ధం 823 కింద కనిపిస్తుంది, జరిగింది 825లో. లిండిస్‌ఫార్న్ దాడి తేదీ ఆ ప్రతుల్లో జనవరి 8 అని ఉంటుంది. చలికాలపు ఉత్తర సముద్రం మీద అలాంటి ప్రయాణం కుదరదు కాబట్టి, డరమ్‌లో దొరికే రాతల్ని బట్టి జూన్ 8 అని సరిదిద్దారు. కాబట్టి పాత అనువాదంలో కనిపించిన ఏడాదిని నేరుగా ఎత్తి రాసుకోకండి. పక్కన సంపాదకుల సవరణ ఉందేమో చూడండి.

ఆధారం వయసు

"సాగాల్లో (ఐస్‌లాండ్ పాత వచన కథల్లో) ఉంది" అన్న మాట వినగానే చాలామంది చరిత్ర అనుకుంటారు. సంఘటనకీ దాన్ని రాసిన చేతికీ మధ్య ఎన్నేళ్లు గడిచాయో తీసివేత చేయండి. ఐస్‌లాండ్ సాగాలు ఎక్కువగా 13వ శతాబ్దంలో కాగితమెక్కాయి... అంటే చర్మపు పుటలకెక్కాయి. డెన్మార్క్‌లో సాక్సో గ్రమాటికస్ రాసింది 1200 ప్రాంతంలో. 9వ శతాబ్దపు వీరుడి గురించి వీళ్లు చెప్పేది మూడు, నాలుగు వందల ఏళ్ల తర్వాతి మాట.

సమకాలీనుల రాతలు వేరే ఉన్నాయి. లిండిస్‌ఫార్న్ దాడి వార్త విని ఇంగ్లీషు పండితుడు అల్కుయిన్ రాసిన ఉత్తరాలు, ఫ్రాంకుల సంవత్సర వృత్తాంతాలు, పారిస్ ముట్టడిని కళ్లారా చూసిన అబ్బో అనే మఠవాసి కావ్యం, 922లో వోల్గా తీరాన రూస్ వర్తకుల్ని (తూర్పుకి వెళ్లిన స్కాండినేవియా వాళ్లని) చూసిన అరబ్ యాత్రికుడు ఇబ్న్ ఫద్లాన్ కథనం, రాళ్ల మీద రూన్ అనే పాత లిపిలో చెక్కిన శాసనాలు. సమకాలీనులైనంత మాత్రాన అంకెలు నమ్మదగినవి కావు. అబ్బో 700 ఓడలు, 40,000 మంది అంటాడు, ఎదిరించినవాళ్లు 200 మంది అంటాడు. అతనిది దెబ్బతిన్న పక్షం, పైగా కావ్యం. సంఘటనని తీసుకుని అంకెని వదిలేయండి.

ఈ తీసివేత రాగ్నర్‌కి చేసి చూడండి. 845లో పారిస్ మీదికి 120 ఓడలతో వచ్చిన దండుకి రెగిన్‌హెరుస్ (రాగ్నర్ పేరుకి లాటిన్ రూపం) అనే నాయకుడు ఉన్నాడని, వెనక్కి వెళ్లడానికి 7,000 పౌండ్ల వెండి పుచ్చుకున్నారని ఫ్రాంకుల రాతల్లో ఉంది. ఇది గట్టి ఆధారం. 865లో ఇంగ్లండ్‌లో దిగిన మహాసేన నాయకుల్లో ఇవార్, హాఫ్‌డన్ ఉన్నారన్నదీ గట్టిదే. అయితే వాళ్ల తండ్రి లోద్‌బ్రోక్ (సీరియల్లో రాగ్నర్‌కి ఉన్న మారుపేరు) అన్న మాట రచనల్లో కనిపించేది 1070 ప్రాంతంలో. రాగ్నర్‌ని పాముల గొయ్యిలో పడేయడం, ఇద్దరు ముగ్గురు భార్యలు, కొడుకుల ప్రతీకారం ఇంకా తర్వాతివి. సీరియల్లో రాగ్నర్ భార్య అయిన యోధురాలు లగెర్తా కథ సాక్సో దగ్గరే దొరుకుతుంది. కాబట్టి మీ గడిలో "రాగ్నర్: కల్పన" అని రాస్తే తప్పు, "రాగ్నర్: నిజం" అన్నా తప్పు. "పేరుకి 845 ఆధారం ఉంది, కుటుంబ కథకి 200 నుంచి 400 ఏళ్ల ఎడం" అని రాయండి.

వీపు చీల్చి పక్కటెముకల్ని రెక్కల్లా విప్పే "రక్త గద్ద" శిక్షకీ ఇదే పరీక్ష. సీరియల్లో ఎల్లా అలా చనిపోతాడు. క్రానికల్ మాత్రం 867లో యార్క్ దగ్గర పోరులో ఎల్లా, అతనికి పోటీగా ఉన్న రాజు, ఇద్దరూ అక్కడికక్కడే హతమయ్యారంటుంది. శిక్షకి అతి పాత ఆధారం సిగ్వత్ అనే కవి 11వ శతాబ్దంలో చెప్పిన ఒక పద్యం. ఇవార్ ఎల్లా వీపుని గద్దతో చీల్పించాడని అందులో ఉంది. యుద్ధభూమిలో పడ్డ శవాన్ని గద్దలు పీక్కుతినడం ఆ కవుల మామూలు వర్ణన. తర్వాతివాళ్లు దాన్ని శిక్షగా అర్థం చేసుకున్నారని రొబెర్టా ఫ్రాంక్ 1984లో వాదించారు. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. మీరు ఏ వైపు మొగ్గినా, ఎల్లా విషయంలో సమకాలీన సాక్ష్యం యుద్ధ మరణం వైపే ఉందన్నది మాత్రం రాసి పెట్టుకోండి.

వస్తువుల దగ్గర ఆపి చూడండి

ఇక్కడ రిమోట్ చేతిలో ఉండాలి.

ఓడతో మొదలుపెట్టండి, ఎందుకంటే నేలలోంచి అసలు ఓడలే బయటపడ్డాయి. నార్వేలో గోక్‌స్టాడ్ ఓడని 1880లో, ఓసెబర్గ్ ఓడని 1904లో తవ్వి తీశారు. డెన్మార్క్‌లో రోస్కిల్డె దగ్గర నీళ్లలోంచి 1962లో ఐదు ఓడలు తీశారు. తెరమీద ఓడ ఆగగానే ఇవి చూడండి: పలకలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి, ఇనుప రివెట్లతో బిగించి ఉండాలి. తెరచాప కొయ్య ఒక్కటే, తెరచాప నలుచదరం. చుక్కాని వెనక కుడిపక్కన పెద్ద తెడ్డులా వేలాడాలి. వెనక మధ్యలో తలుపులా ఉంటే అది తర్వాతి శతాబ్దాల ఓడ. తెడ్లు పక్క పలకకి చేసిన రంధ్రాల్లోంచి బయటికి రావాలి. వీలైతే లెక్కపెట్టండి: 21.5 మీటర్ల ఓసెబర్గ్‌కి 15 జతలు, సుమారు 23 మీటర్ల గోక్‌స్టాడ్‌కి 16 జతలు, రోస్కిల్డె ఓడల్లో ఒకటైన, 1042లో డబ్లిన్‌లో కట్టిన 30 మీటర్ల స్కుల్దెలెవ్ 2కి 30 జతల దాకా. రెండు వైపులా డాళ్లు వేలాడదీయడం చూసి కల్పన అనుకోకండి. గోక్‌స్టాడ్ మీద పక్కకి 32 చొప్పున, పసుపూ నలుపూ రంగుల్లో, అలాగే దొరికాయి. మంచి సీరియళ్లు ఓడ విషయంలో చాలావరకు నిజాయితీగా ఉన్నాయి. ఈ స్కుల్దెలెవ్ 2కి చేసిన నకలు 2007లో డబ్లిన్ దాకా తెరచాపతో వెళ్లింది కూడా. అలాంటి ప్రయోగాలు ఉన్నాయి కాబట్టే కళాదర్శకులకి పని సులువైంది.

డాలుని చేతిలో పట్టుకున్న తీరు చూడండి. గోక్‌స్టాడ్ డాళ్లు 94 సెంటీమీటర్ల వెడల్పున్న పల్చని చదును పలకలు. మధ్యలో రంధ్రం, దాని మీద ఇనుప బొడిపె, వెనక పిడి. పిడికిలి ఆ బొడిపె లోపల ఇమడాలి. పట్టీలతో డాలుని ముంజేతికి కట్టుకుని కనిపిస్తే తప్పు. కత్తి వీపున వేలాడుతూ, భుజం మీదుగా లాగితే అదీ తప్పే. ఒర నడుము దగ్గర ఉండాలి. అసలు కత్తి బరువు కిలో నుంచి కిలోన్నర. నటుడు రెండు చేతులా ఎత్తలేక ఎత్తినట్టు తిప్పితే అది నటన. గుంపుని చూసి బల్లేలు ఎన్నో, కత్తులు ఎన్నో లెక్కపెట్టండి. మామూలు సైనికుడి ఆయుధం బల్లెం, గొడ్డలి. కత్తి ఖరీదైనది. చేతికొకటి చొప్పున కత్తులున్న దండు తెరమీదే ఉంటుంది.

తలమీద కొమ్ముల సంగతి చాలామందికి తెలుసు కాబట్టి త్వరగా ముగిద్దాం. 1876లో జర్మనీలో బైరోయిట్ ఓపెరాకి కార్ల్ ఎమిల్ డోప్లర్ గీసిన దుస్తులే ఆ రూపాన్ని లోకానికెక్కించాయి. డెన్మార్క్‌లో దొరికిన వెక్సో కొమ్ముల శిరస్త్రాణాలు కంచు యుగానివి, వైకింగుల కంటే 1,600 ఏళ్లకి పైగా పాతవి. స్కాండినేవియాలో దాదాపు పూర్తిగా దొరికిన వైకింగ్ శిరస్త్రాణం 1943లో నార్వేలో గ్యెర్‌ముండ్‌బు దగ్గర ముక్కలుగా బయటపడ్డది ఒక్కటే. దాని కళ్లచుట్టూ అద్దాల చట్రంలాంటి ఇనుప కవచం ఉంటుంది. తెరమీద అచ్చం అదే ఆకారం ఇరవై మంది తలల మీద కనిపిస్తే, ఒకే సమాధి సరుకుని దండంతటికీ పంచారన్నమాట.

బట్టల దగ్గర సీరియళ్లు అన్నిటికంటే ఎక్కువ తప్పుతాయి. నల్ల తోలు చొక్కాలు, ఇనుప మేకుల ముంజేతి పట్టీలు, గోధుమ, బూడిద రంగులు. తవ్వకాల్లో తోలు దొరికింది చెప్పుల్లో, నడికట్టుల్లో, ఒరల్లో. ఒంటిమీది బట్ట ఉన్ని, లినెన్. ధనికులకి పట్టు కూడా, ఓసెబర్గ్ సమాధిలో పట్టుముక్కలు దొరికాయి. మంజిష్ఠ జాతి వేరుతో ఎరుపు, వోడ్ ఆకుతో నీలం, వెల్డ్ మొక్కతో పసుపు అద్దేవాళ్లు. 9, 10 శతాబ్దాల కలిగిన ఇంటి స్త్రీ అయితే భుజాల కింద, ఛాతీకి రెండు వైపులా కోడిగుడ్డు ఆకారంలో కంచు పిన్నుల జత, వాటి మధ్య పూసల దండలు ఉండాలి. రాణి పాత్ర కనిపించగానే ఈ జత కోసం చూడండి. తోలు కవచం ఉండి పిన్నులు లేకపోతే, దుస్తుల శాఖ మ్యూజియం వైపు పోలేదని అర్థం.

జుట్టు ఆసక్తికరం. చెవులపై గొరిగి నడినెత్తిన జడ అల్లడం నేటి ఫ్యాషన్. కానీ సుమారు 1000 నాటి ఒక ఇంగ్లీషు ఉత్తరంలో డేనుల పద్ధతిని తిట్టిన వాక్యం ఉంది: మెడ బోసిగా, కళ్లమీద జుట్టు పడేలా. వెనక గొరిగి ముందు వదలడం అన్నమాట. పచ్చబొట్లకి ఆధారం ఇబ్న్ ఫద్లాన్ ఒక్కడే, అదీ వోల్గా తీరంలోని రూస్ గురించి. చర్మం ఎక్కడా మిగల్లేదు. మగవాళ్ల ముందు పళ్ల మీద అడ్డంగా ఆకురాయితో గీసిన గీతలున్న అస్థిపంజరాలు మాత్రం స్వీడన్‌లో చాలా దొరికాయి. గట్టి ఆధారమున్న ఈ అలంకారాన్ని సీరియళ్లు చూపించకపోవడం నిజంగా వెలితి.

రూన్ అక్షరాల్ని పాజ్ చేసి చూస్తే ఫలితం వెంటనే తేలుతుంది. పాత వరుసలో 24 అక్షరాలు, వైకింగ్ యుగంలో వాడిన కొత్త వరుసలో 16. 9వ శతాబ్దపు సీన్‌లో 24 అక్షరాల వరుస కనిపిస్తే వంద, నూటయాభై ఏళ్లు వెనక్కి పోయారు. ఎనిమిది చువ్వల దిక్సూచిలాంటి "వెగ్‌విసిర్" గుర్తు కవచం మీదో పచ్చబొట్టులోనో కనిపిస్తే ఇంకా దారుణం: అది 1860లో ఐస్‌లాండ్‌లో రాసిన వ్రాతప్రతిలోది.

ప్రదేశాల్లో రెండే చూడండి. "కటెగాట్" సీరియల్లో కొండల మధ్య ఊరు. భూగోళంలో అది డెన్మార్క్, స్వీడన్ల మధ్య సముద్రభాగం. ఆ కాలపు అసలు పట్టణాలు హెడెబి, రీబె, బిర్కా, కౌపాంగ్. ఇంగ్లండ్‌లో ఎత్తయిన రాతి కోటలు కనిపిస్తే, అవి 1066 తర్వాత నార్మన్లతో మొదలైనవి. ఆల్‌ఫ్రెడ్ కాలపు రక్షణ మట్టి గట్టు, దాని మీద కర్రల కంచె, చుట్టూ కందకం. విందులో బంగాళదుంప, టమాటా, మొక్కజొన్న ఉంటే అమెరికా సరుకు, వదిలేయండి. చెల్లింపు సీన్‌లో నాణేలు లెక్కించడం కంటే మడతపెట్టే చిన్న త్రాసులో వెండి ముక్కలు తూచడం కనిపిస్తే, ఆ బృందానికి నిజమైన సలహాదారు ఉన్నట్టే.

నాలుగో గడి

ఇప్పుడు బరువు తూచండి. ప్రతి మార్పుకీ ఒకే ప్రశ్న: దీన్ని సరిచేస్తే ఆ కాలం గురించి మన అవగాహన మారుతుందా? తోలు చొక్కాని ఉన్నిగా మారిస్తే కథ చెదరదు. "వైకింగ్స్" మొదటి సీజన్ పునాది వేరు: పడమటి దిక్కున భూమి ఉందని అక్కడివాళ్లకి తెలియదు, ఒకే ఒక్కడు సూర్యశిలతో (మబ్బుల్లోనూ సూర్యుడి దిక్కు చూపే రాయితో) దారి కనిపెట్టాడు. ఇది బరువైన తప్పు. రీబె 8వ శతాబ్దం తొలినాళ్ల నుంచే ఉత్తర సముద్ర వర్తకంలో ఉంది. 789 ప్రాంతంలో పోర్ట్‌లాండ్ తీరానికి మూడు ఓడలు రాగా, వర్తకులనుకుని ఎదురెళ్లిన రాజోద్యోగిని చంపారు. వర్తకులనుకోవడమే పాత పరిచయానికి గుర్తు. లిండిస్‌ఫార్న్ దాడి తర్వాత అల్కుయిన్ నార్తంబ్రియా రాజుకి రాసిన ఉత్తరంలో, మీరు ఆ అన్యమతస్థుల్లాగే గడ్డాలూ జుట్టూ కత్తిరించుకుంటున్నారు కదా అని మందలించాడు. ఎదుటివాళ్ల క్షవరాన్ని అనుకరించేంత పరిచయం 793కి ముందే ఉంది. దారి కొత్తగా దొరికినందువల్ల దాడులు మొదలయ్యాయన్న సీరియల్ వివరణ దీనితో కూలిపోతుంది. ఎక్కడ సొమ్ముందో, కాపలా ఎంత పల్చనో వర్తకం ద్వారా ముందే తెలిసి ఉండడం మరింత నమ్మదగిన కారణం.

స్త్రీ యోధుల విషయంలోనూ ఇలాగే తూచాలి. బిర్కాలోని 581 నంబరు సమాధిని 1878లో తవ్వారు. కత్తి, గొడ్డలి, బల్లెం, బాణాలు, రెండు డాళ్లు, రెండు గుర్రాలు దొరికాయి. అది స్త్రీ శరీరమని 2017లో డీఎన్‌ఏ పరీక్ష తేల్చింది. ఒక స్త్రీని పూర్తి ఆయుధాలతో పూడ్చారన్నది దీనివల్ల నిశ్చయం. ప్రతి దండులోనూ స్త్రీల వరుస ఉండేదని దీనివల్ల రుజువు కాదు. లగెర్తా ఒక్కతే ఉంటే గడిలో "సాధ్యం" అని, వెనక యాభై మంది ఉంటే "ఆధారం చాలదు" అని రాయండి.

వెతికేటప్పుడు

బొమ్మల్లో వెతికితే మొదట వచ్చేవి అమ్మకానికి పెట్టిన నకళ్లు, 19వ శతాబ్దపు చిత్రాలు, ఇప్పుడు యంత్రం గీసినవి. అసలు వస్తువుకి మూడు గుర్తులుంటాయి: దొరికిన ఊరు, దొరికిన ఏడాది, మ్యూజియం నంబరు. మూడూ లేని ఫొటోని ఆధారంగా తీసుకోవద్దు. స్టాక్‌హోమ్ చరిత్ర మ్యూజియం, కోపెన్‌హాగన్ జాతీయ మ్యూజియం, రోస్కిల్డె ఓడల మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం వస్తువుల వివరాలు ఆన్‌లైన్లో పెట్టాయి. నేరుగా అక్కడే వెతకండి. పేర్లకి రెండు మూడు స్పెల్లింగులు ప్రయత్నించండి, ముఖ్యంగా ఎల్లా, ఇవార్ లాంటివాటికి. ఇవార్ ఐర్లండ్ రాతల్లో ఈమర్ అవుతాడు, మరణం 873.

రెండు ఆధారాలు కొట్టుకున్నప్పుడు సగటు తీయకండి. వైకింగులు శుభ్రమైనవాళ్లా కాదా అన్నది ఇందుకు మంచి సాధన. ఒకే తొట్టి నీళ్లలో అందరూ వరసగా మొహం కడిగి ఉమ్మేవాళ్లని ఇబ్న్ ఫద్లాన్ అసహ్యించుకున్నాడు. చూసినవాడు, 922, వోల్గా తీరం. డేనులు రోజూ తలదువ్వి శనివారం స్నానం చేసేవాళ్లని ఒక ఇంగ్లీషు వృత్తాంతం చెబుతుంది. ఇంటర్నెట్ నిండా ఇదే తిరుగుతుంది, కానీ రాసింది 13వ శతాబ్దంలో. రెండో దాన్ని ఒక మెట్టు దించండి, ఊరూ ఏడాదీ వేసి రెంటినీ గడిలో ఉంచండి. తర్వాత నేల ఏమంటుందో చూడండి: యార్క్‌లో, బిర్కాలో, హెడెబిలో దుప్పి కొమ్ముతో చేసిన దువ్వెనలు కుప్పలుగా దొరికాయి, పట్టకార్లు, చెవి గుబిలి తీసే పుల్లలతో పాటు. జుట్టు మాసి చిక్కులు కట్టిన సైనికుల సీన్ పక్కన ఆ దువ్వెనల్ని రాయండి. స్నానం సంగతి ఖాళీగా వదలండి.